ఛీ అన్నవాళ్ళే కడగాలి

పోయిన మంగళవారం పొద్దున మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో రెండు మెసేజ్‌లు వచ్చాయి. మొదటిది, ఇదివరకు మా టవర్‌లో డే కేర్ నడిపిన సిస్టరమ్మ చందానగర్‌లో చనిపోయారని. దాని కింద వరసగా దండాలు పెట్టే బొమ్మలు. ఆ దండాలు ఇంకా వస్తూండగానే రెండోది దిగింది. వేసవి సెలవుల్లో మా క్లబ్‌హౌస్‌లో పిల్లలకి జీవన నైపుణ్యాల శిబిరమట. వయసుకు తగ్గ ఇంటిపనులు నేర్పుతారట. పోస్టర్ మీద ఒక పాప తెల్ల గౌను వేసుకుని, గులాబి రంగు ప్లాస్టిక్ చీపురు పట్టుకుని నవ్వుతోంది. ఆ చీపురు దుమ్ము మొహం చూసి ఎరగదు. చివర్లో సర్టిఫికెట్ కూడా ఇస్తారట. ప్రారంభించేది మా సెక్రటరీ గారు.

అదే క్లబ్‌హౌస్, అదే సెక్రటరీ. సిస్టరమ్మ ఈ పనే చేస్తుంటే, అది తప్పని తీర్మానం చేసి పంపించేసిన మనుషులం మేము. ఇప్పుడు దానికే రిబ్బన్ కట్ చేస్తున్నాం. సిగ్గూ శరం లేకపోతే సరి. మేము అంటున్నాను, నన్ను కలుపుకునే అంటున్నాను.

ఆవిడని పేరుతో పిలవగా నేనెప్పుడూ వినలేదు. పిల్లలకీ పెద్దలకీ సిస్టరమ్మే. గుంటూరు వైపు మనిషి. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై, కోకాపేటలో మా టవర్ కింది అంతస్తులో అద్దెకు దిగింది. బడి వదిలాక అమ్మానాన్నలు ఆఫీసుల నుంచి వచ్చేదాకా పిల్లల్ని చూసుకునేది. పది మంది ఉండేవారు. అందులో మా నిహాల్ ఒకడు. అప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు.

మనిషి పొట్టి. వాచీ డయల్ మణికట్టు లోపలి వైపుకి తిప్పి పెట్టుకునేది. చీర చీలమండలు కనబడేంత ఎత్తుకి కట్టేది. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు వాసన చూసేది. మా వాణ్ణి మొదటిరోజు దింపినప్పుడు వాడి టిఫిన్ డబ్బా అడిగి తీసుకుంది. మూత తీసి, అంచులో ఉన్న రబ్బరు చక్రాన్ని గోటితో పైకి లాగి, నా ముక్కు దగ్గర పెట్టింది. నెలల నాటి సాంబారు, పెరుగు, నూనె కలిసి ఒకటే కంపు.

"ఛీ" అన్నాను.

పిల్లలందరూ ఘొల్లున నవ్వారు. ఎందుకో ఆవిడే చెప్పింది. ఆ ఇంట్లో ఒక చట్టం ఉంది, ఛీ అన్నవాళ్ళే కడగాలి. "మీ అమ్మకి మొదటిరోజు కదా, వదిలేద్దాం" అని నిహాల్ చేతికి ఒక పాత పళ్ళ బ్రష్షు ఇచ్చింది. "నీ డబ్బా, నీ ఎంగిలి. రా నాయనా." వాడు నా వైపు చూశాడు. అప్పటిదాకా వాడు సింకు దగ్గరికి వెళ్ళింది నీళ్ళతో ఆడుకోవడానికే.

వయసుకు తగ్గ పని అంటూ ఆవిడ గోడమీద పట్టికలేవీ ఉండేవి కావు. గుడ్డ పిండించి చూసేది. చేతిరుమాలు పిండగలిగితే బల్ల తుడవొచ్చు. నేల గుడ్డ నీళ్ళు కారకుండా పిండగలిగితే గది తుడవొచ్చు. తువ్వాలు పిండే బలం వచ్చిందా, ఇక తన బట్టలు తను ఉతుక్కోవచ్చు. ఐదేళ్ళవాళ్ళు చెప్పులు జతలు కలిపి పెట్టేవాళ్ళు. కాస్త పెద్దవాళ్ళు చిక్కుడుకాయలకి ఈనెలు తీసేవాళ్ళు. కత్తి చేతికొస్తే ముందు అరటిపండు, అది సరిగ్గా కోస్తే బెండకాయ. అగ్గిపుల్ల పదేళ్ళు దాటాకే. ఎవడైనా పని ఎగ్గొట్టి పక్కవాడి మీదకి తోస్తే ఆవిడ కేకలెయ్యదు. వాచీ చూసుకుంటూ వాడి పక్కన నిలబడుతుంది, అంతే. ఆ నిలబడటం భరించలేక వాళ్ళే చేసేసేవాళ్ళు.

"పిల్లల్ని ముద్దు చెయ్యరా మీరు?" అని అడిగాను ఒకసారి.

"ఎందుకు చెయ్యను? కడుక్కున్నాక చేస్తా" అంది.

ఆవిడకి మురికంటే అసహ్యం లేదు. ముప్ఫై ఏళ్ళు వార్డుల్లో తిరిగిన మనిషికి ఇంకా ఏం మిగులుతుంది? ఆవిడ అసహ్యమంతా ఇంకొకదాని మీద. తన గ్లాసు తను తీయని మనిషిని చూస్తే మొహం చిట్లించేది. ఒకసారి మా సెక్రటరీ గారు కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చి, టీ తాగి, కప్పు సోఫా పక్కన నేల మీద పెట్టి లేచారు. ఆఫీసులో ఆయన కింద రెండొందల మంది పనిచేస్తారు. సిస్టరమ్మ ఆయన్ని ఏమీ అనలేదు. ఆరేళ్ళ కూతురితో, "నాన్నకి సింకు చూపించమ్మా" అంది. పాప నాన్న వేలు పట్టుకుని లాక్కెళ్ళింది. ఆయన నవ్వుతూ కప్పుని నీళ్ళ కింద తిప్పి పెట్టేశారు. ఆవిడ తీసి వాసన చూసి, మళ్ళీ ఆయన చేతికే ఇచ్చింది. "అడుగున చూడండి బాబూ. చక్కెర అక్కడే ఉంది." పది మంది పిల్లలు వరసగా నిలబడి చూస్తుండగా ఆయన కప్పు తోమారు. ఆ నవ్వు అప్పటికి పోయింది.

మా ఇంట్లో నిహాల్ తన కంచం తను కడగడం మొదలుపెట్టాడు. నేను మురిసిపోయి ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టాను. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. కంచం వరకు మాకు ముద్దే. అయితే చుట్టాలు వచ్చిన రోజు వాడు కంచం పట్టుకుని లేస్తే, "అక్కడ పెట్టెయ్ నాన్నా, పనావిడ వస్తుంది కదా" అని పళ్ళు బిగించి చెప్పాను. చుట్టాల ముందు పనిమనిషి లేని ఇల్లులా కనబడుతుందని నా బాధ.

ఇక పోశమ్మ సంగతి చెప్పాలి. మా బ్లాకులో డ్రైవర్లూ సెక్యూరిటీవాళ్ళూ వాడే బాత్రూంలు కడిగేది పోశమ్మ. రోజూ మధ్యాహ్నం సిస్టరమ్మ వంటింట్లో కూర్చుని టీ తాగేది. ఆమెకి వేరే గ్లాసు లేదు. మా టవర్‌లో ఇది చిన్న విషయం కాదు. మా ఇళ్ళల్లో గిన్నెలు తోమే ఆవిడ బాత్రూం జోలికి రాదు, బాత్రూం కడిగే ఆవిడ వంటింట్లోకి రాకూడదు. ఇలా అని ఎవరూ నోటితో చెప్పరు. అందరికీ తెలుసు. మేం చదువుకున్నవాళ్ళం, కులం గిలం పట్టించుకోనివాళ్ళం. గ్లాసుల దగ్గర మాత్రం పట్టించుకుంటాం.

ఒక శుక్రవారం ఆఫీసు పని త్వరగా తెమిలి మధ్యాహ్నమే వచ్చాను. సిస్టరమ్మ ఇంటి తలుపు తీసే ఉంది. లోపల బాత్రూంలో నిహాల్ నిక్కరు పైకి మడుచుకుని, మోకాళ్ళ మీద కూర్చుని కమోడ్ తోముతున్నాడు. పదమూడో ఎక్కం చదువుతూ తోముతున్నాడు. సిస్టరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. పోశమ్మ వాడి పక్కన వంగి పాఠం చెబుతోంది.

"అంచు కిందికెల్లి రుద్దు బిడ్డా. పైపైన రుద్దితే ఏం ఫాయిదా? గలీజంతా ఆడనే ఉంటది."

నాకు వాంతి వచ్చినంత పనయింది. మురికిని చూసి కాదు, ఆ కమోడ్ మా ఇంటి కంచాల కన్నా శుభ్రంగా ఉంది. వాడు కూర్చున్న తీరు చూసి. అది ఎవరో కూర్చునే తీరు, మావాళ్ళు కూర్చునే తీరు కాదు. ఇలా రాయడానికి సిగ్గుగా ఉంది, కాని నా లోపల జరిగింది అదే. వాణ్ణి రెక్క పట్టుకుని లేపి, ఎవరితోనూ మాట్లాడకుండా లాక్కొచ్చేశాను. లిఫ్టులో వాడు, "అమ్మా, ఇంకా అయిపోలేదు, ఇవాళ నా వంతు" అంటూనే ఉన్నాడు.

సెక్రటరీ గారికి ఫోన్ చేశాను. ఆయన అప్పటికే ఉడికిపోతున్నారు. కప్పు సంగతి ఎత్తలేదనుకోండి. "మన పిల్లలకి ఆ ఖర్మేంటండీ? పైగా ఆ హౌస్‌కీపింగ్ ఆమెతో చెప్పిస్తోందా? మీరు ఇంగ్లీషు బాగా రాస్తారు, కమిటీకి ఒక లెటర్ రాసిపెట్టండి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు.

రాశాను. టీ తాగుతూ అరగంటలో రాశాను. ఆఫీసులో మెయిళ్ళు రాసి రాసి నాకు ఆ విద్య బాగా అబ్బింది. ఎవరినీ ఒక్క మాట అనకుండా ఎవరినైనా బయటికి పంపించే ఇంగ్లీషు అది. పిల్లల వయసుకీ గౌరవానికీ తగని పనులు, హానికరమైన రసాయనాలు, వృత్తి నేపథ్యం వల్ల వచ్చే అలవాట్లు, హౌస్‌కీపింగ్ సిబ్బందితో పిల్లలకి అనవసరమైన దగ్గరితనం. రసాయనాలంటే సబ్బు పొడి. యాసిడ్ సీసాని ఆవిడ బీరువాలో పెట్టి తాళం వేస్తుందని నాకు తెలుసు. తెలిసే రాశాను. చాలామంది సంతకాలు పెట్టారు, నేనూ పెట్టాను.

ఆదివారం పదకొండింటికి క్లబ్‌హౌస్‌లో మీటింగ్. డే కేర్ పర్మిషన్ ఉంచాలా తీసెయ్యాలా అన్నది తేలాలి. అది పోతే ఆవిడకి ఇక్కడ బతుకుతెరువు లేదని అందరికీ తెలుసు. సిస్టరమ్మ చర్చి నుంచి నేరుగా వచ్చింది, చేతిలో బైబిల్ సంచి. పోశమ్మ కుర్చీలు వేసి తలుపు దగ్గర నిలబడింది.

"లెటర్ చదివారు కదండీ?" అన్నారు సెక్రటరీ.

"చదివాను బాబూ. చాలా మర్యాదగా ఉంది. అదే తెలుగులో ఒకసారి చెప్పండి."

"మీకు ఇంగ్లీషు వచ్చు కదండీ?"

"ఎందుకు రాదు, ముప్ఫై ఏళ్ళు కేస్ షీట్లు రాశాను. కాని నా మీద ఫిర్యాదు తెలుగులో వినాలనుంది. పోశమ్మ గురించి కూడా రాశారుగా, ఆమెకీ తెలియాలి."

సెక్రటరీ గారు కాగితం అటూ ఇటూ తిప్పి, "రాసింది మేడమే, మేడమ్ చదువుతారు" అని నా చేతిలో పెట్టేశారు. అప్పటిదాకా రాసింది నేనని ఆవిడకి తెలియదు. నా వైపు తిరిగి, "నువ్వా తల్లీ" అంది.

లేచి నిలబడ్డాను. ఇంగ్లీషులో నున్నగా జారిపోయిన వాక్యాలు తెలుగులోకి వచ్చేసరికి ఒక్కొక్కటీ గొంతుకి అడ్డం పడ్డాయి.

"పిల్లల గౌరవానికి తగని పని చేయిస్తున్నారు."

"ఏం పని?"

"బాత్రూం కడగడం."

"మరి ఎవరి గౌరవానికి తగిన పని అది?"

నా కళ్ళు నన్నడక్కుండానే తలుపు వైపు వెళ్ళాయి.

"నన్నెందుకు చూస్తున్నవమ్మా?" అంది పోశమ్మ.

నా పక్కావిడ ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టింది. సిస్టరమ్మ మాత్రం వదల్లేదు. "తరవాతది చదువు" అంది.

"హానికరమైన రసాయనాలు..."

"సబ్బు పొడి. ఆ తరవాత?"

"మీ వృత్తి వల్ల... మీకు అలవాటైనవి పిల్లలకి అలవాటు చెయ్యకూడదని."

"అంటే, నేను ఆసుపత్రిలో రోగుల దొడ్డి ఎత్తిన మనిషిని, నా అలవాట్లు మీ పిల్లలకి అంటకూడదు. అంతేనా? సరిగ్గా చెప్పానా అమ్మాయ్?"

సెక్రటరీ గారు కుర్చీలో ఇబ్బందిగా కదిలి, "ఛీ ఛీ, అలాంటి ఉద్దేశం మాకు లేదండీ" అన్నారు.

పోశమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇగ నువ్వే కడగాలె సారు" అంది. ఆ గదిలో నవ్వింది ఆమె ఒక్కతే.

చేతులెత్తమన్నారు. ఎత్తాం. ఇంత జరిగాక కూడా ఎత్తావా అని మీరడగొచ్చు. ఎత్తాను. అందరూ ఎత్తారు, పక్కావిడ నా మొహం చూస్తోంది. ఇంతకన్నా పెద్ద కారణం నా దగ్గర లేదు. థూ అనుకుంటే అనుకోండి, నేనూ అనుకుంటున్నాను.

నెలాఖరున ఆవిడ ఖాళీ చేసి, చందానగర్‌లో చెల్లెలి కూతురి ఇంటికి వెళ్ళిపోయింది. వేరే చోటు దొరక్క నిహాల్‌ని అప్పటిదాకా అక్కడికే పంపుతూ వచ్చాను. చివరి రోజు వాణ్ణి తీసుకురావడానికి వెళ్ళక తప్పలేదు. ఆసుపత్రిలో డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు ఇంకో నర్సుకి పేషెంట్‌ని అప్పజెబుతుందట. ఆవిడ గుమ్మంలో నిలబడి వాణ్ణి నాకు అలా అప్పజెప్పింది. "బొత్తాం కుట్టడం వచ్చు. పాలు పొంగకుండా చూస్తాడు. గంజి వార్చడం చూశాడు గాని చేతికివ్వలేదు. బియ్యానికి నీళ్ళ కొలత ఇంకా రాలేదు. కమోడ్ అంచు కింద బద్ధకిస్తాడు, గుర్తుచెయ్యాలి. ఇస్త్రీ మొదలుపెట్టలేదు. ఇక్కడి నుంచి నువ్వు చూసుకో." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే తిరిగి ఏదో ఒకటి అని బయటపడేదాన్ని.

నేను చూసుకోలేదు. "చదువుకో నాన్నా, అవన్నీ నీకెందుకు" అని రోజూ అన్నాను. ఇప్పుడు వాడికి పదహారు, కోచింగ్‌కి వెళ్తాడు. తిన్న కంచం సోఫా మీదే వదిలేస్తాడు, పెరుగు ఎండి అట్ట కడుతుంది. తడి తువ్వాలు మంచం మీద, విప్పిన లోదుస్తులు విప్పినచోటే. రెండు నెలల కిందట, మా బాత్రూం కడిగే ఆవిడ పని ముగించి లిఫ్టు దగ్గరికి వెళ్ళిందో లేదో, వాడు లోపలికి వెళ్ళొచ్చాడు. నీళ్ళు కూడా వదల్లేదు. ఫోన్ లోంచి తల ఎత్తకుండా, "అమ్మా, ఆమెని మళ్ళీ పిలువు" అన్నాడు.

కన్నకొడుకుని చూసి రోత పుడుతుందా? పుట్టింది. ఆ వెంటనే వాణ్ణి అలా తయారుచేసినదాని మీద పుట్టింది. ఆ మర్నాడు సెలవు పెట్టి చందానగర్ వెళ్ళాను. ఆవిడ కాళ్ళు పట్టుకునైనా సరే తప్పు ఒప్పుకుని రావాలని బయల్దేరాను.

మార్కెట్ వెనక సందులో రెండో అంతస్తు. తుంటి ఎముక విరిగి ఆవిడ మంచంలో ఉంది. చెల్లెలి కూతురు సుజాత నన్ను కూర్చోబెట్టి, "మందులు తెచ్చేస్తానండీ, జర పెద్దమ్మని చూస్తుండండి" అని వెళ్ళింది. సిస్టరమ్మ సగానికి సగం అయిపోయింది. అయినా నన్ను గుర్తుపట్టింది.

"నిహాల్‌కి నీళ్ళ కొలత వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చిందండీ" అన్నాను. తప్పు ఒప్పుకోవడానికి వెళ్ళినదాన్ని అబద్ధంతో మొదలుపెట్టాను.

అసలు మాట ఎలా ఎత్తాలా అనుకుంటుండగా ఆవిడ మొహం మారింది. "అమ్మాయ్, మంచం కింద బెడ్‌పాన్ ఉంది. కొంచెం పెట్టమ్మా, ఆపుకోలేను" అంది.

వంగాను. స్టీలుది, తళతళ తోమి ఉంది. చెయ్యి చాచాను, చెయ్యి మధ్యలో ఆగిపోయింది. ఆవిడ దుప్పటి పక్కకి లాక్కుంటూ చెబుతోంది. "వెడల్పు వైపు నడుం కిందికి రావాలి. నన్ను కాస్త పక్కకి ఒత్తిగిలించు. ఏం కాదు, నేను చెబుతాగా." పిల్లలకి చెప్పినట్టే చెబుతోంది. దుప్పటి కింది నుంచి మందులూ పౌడరూ మూత్రమూ కలిసిన వాసన వచ్చింది. నా గొంతులోకి ఏదో తన్నుకొచ్చింది.

"ఒక్క నిమిషమండీ, సుజాత గారిని పిలుస్తాను" అని వరండాలోకి పరుగెత్తాను. కింద సందులో సుజాత లేదు. నిజం చెప్పాలంటే వెతకలేదు కూడా. రెయిలింగ్ పట్టుకుని గాలి పీల్చుకుంటూ నిలబడ్డాను.

తిరిగి వెళ్ళేసరికి పక్క తడిసిపోయింది. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. ఎంతమంది పక్కలు మార్చిందో ఆ మనిషి, లెక్క ఉండదు. ఇప్పుడు తడిపక్క మీద పడుకుని ఉంది, ఆరోగ్యంగా రెండు చేతులూ ఉన్న నేను ఎదురుగా నిలబడి ఉండగా.

"క్షమించండి" అన్నాను. ఏళ్ళ తరబడి రాని మాట అప్పుడొచ్చింది.

ఆవిడ కళ్ళు తెరిచింది. ఆ మొహంలో అసహ్యం ఉంటుందేమోనని చూశాను. ఉంటే బాగుండేది.

"పోనీలే తల్లీ. నీకెవరూ నేర్పలేదు" అంది.

సుజాత వచ్చి, చూసి, నైటీ మార్చింది, దుప్పటి తీసింది, రబ్బరు షీటు తుడిచింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. తరవాత వస్తానని చెప్పి దిగాను. కింద కుళాయి దగ్గర ఆగి, మోచేతుల దాకా రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. నేను దేన్నీ ముట్టుకోలేదు.